అమ్మాజీ వదిలిన గుర్రం

కౌసల్యమ్మకు బల్ల కొట్టే అలవాటుంది. కోపమొచ్చి కాదు. పావును ఒక గడిలోంచి ఇంకో గడిలోకి జరిపాక అరచేత్తో బల్ల అంచును రెండుసార్లు తట్టి, "రైట్" అంటుంది. తన పని అయిపోయింది, ఇక బండి కదలొచ్చు, ఎదుటివాళ్ళు ఎత్తు వేసుకోవచ్చు అని. ఇరవై రెండేళ్ళు దిల్‌సుఖ్‌నగర్ డిపోలో కండక్టరుగా చేసిన చెయ్యి అది. వెనక డోరు దగ్గర నిలబడి బస్సు రేకును ఎన్ని లక్షలసార్లు తట్టిందో ఎవరికి తెలుసు? ఆమె రిటైరై నాలుగేళ్ళయినా ఆ చెయ్యి మాత్రం ఇంకా డ్యూటీ దిగలేదు.

ఇంట్లో ఆడుకునే చదరంగంలో దీనివల్ల వచ్చే నష్టమేమీ లేదు. మహా అయితే పావులు కాస్త అదిరిపడతాయి. కానీ ఆ ఆదివారం ఎల్‌బీ నగర్ ఫంక్షన్ హాల్లో జరుగుతున్నది రాపిడ్ పోటీ. ఇద్దరికీ చెరో పదిహేను నిమిషాలు. బల్ల పక్కన ఇద్దరి కాలాన్నీ విడివిడిగా చూపించే గడియారం. ఎత్తు వేసి తన వైపు మీట నొక్కితేనే తన కాలం ఆగి ఎదుటివాళ్ళ కాలం మొదలవుతుంది. నొక్కడం మరిచిపోతే కరిగేది తన పదిహేను నిమిషాలే. అవి అయిపోయాయా, బోర్డు మీద ఎంత బలగం ఉన్నా ఓడినట్టే.

మొదటి రౌండులో ఆమె అలాగే ఓడింది. ఎదురుగా కూర్చున్న కాలేజీ కుర్రాడు ఆమె బల్ల తట్టిన ప్రతిసారీ మర్యాదగా తల పంకించి, తాపీగా ఆలోచించుకున్నాడు. కౌసల్యమ్మ వైపు అంకెలు సున్నాకు వచ్చేదాకా ఆమెకు సంగతే తెలియలేదు. పోటీ నడిపిస్తున్న ఆర్బిటర్ వంశీకృష్ణ వచ్చి ఫలితం రాసుకుంటూ అన్నాడు.

"ఆంటీ, మీరు కొట్టాల్సింది బల్లను కాదు, గడియారాన్ని."

"ముందుగాల్నే జెప్పొద్దా బిడ్డా?"

"ఆట నడుస్తుండగా ఎవరూ చెప్పకూడదు ఆంటీ. నేను కూడా. రూలు."

"గిదేం రూలు? నువ్వు దిగే స్టేజీ దాటిపోతుంటే కండక్టర్ జెప్పకుంటే ఊకుంటవా?"

పక్క బల్లల దగ్గర పిల్లలు కిసుక్కుమన్నారు. వంశీకృష్ణకు కూడా నవ్వు ఆగలేదు. "ఇక్కడ ఎవరి స్టేజీ వాళ్ళే చూసుకోవాలి ఆంటీ" అని వెళ్ళిపోయాడు.

తరవాతి రౌండ్లలో ఆమె ఒళ్ళు దగ్గర పెట్టుకుంది. ఎత్తు వేయగానే చెయ్యి బల్ల మీదికి పోబోతుంటే మధ్యలోనే పట్టి గడియారం వైపు మళ్ళించింది. రెండు గెలిచింది, ఒకటి ఓడింది. నాలుగు రౌండ్లకు రెండు పాయింట్లు. అరవై రెండేళ్ళ వయసులో, మొదటిసారి పోటీకి వచ్చిన మనిషికి అది తక్కువేమీ కాదు. కానీ ఆమె పాయింట్ల కోసం రాలేదు. ప్రతి రౌండుకూ ముందు గోడ మీద అంటించే జతల పట్టిక దగ్గరికి వెళ్ళి, తన పేరుకు ఎదురుగా ఒకే ఒక్క పేరు కోసం వెతుక్కుంది. అది లేనప్పుడల్లా గుండె తేలికపడేది. ఆ వెంటనే దిగులేసేది.

ఆ పేరు అమ్మాజీ.

*

వాళ్ళిద్దరికీ స్నేహం కుదిర్చింది ఒక మరిచిపోయిన సంచి. పదిహేనేళ్ళ కిందటి మాట. కోఠి నుంచి వస్తున్న బస్సు డిపోకు చేరాక, ఆడవాళ్ళ సీటు కింద కౌసల్యమ్మకు ఒక గుడ్డ సంచి దొరికింది. లోపల మడత పెట్టే చిన్న బోర్డు, అయస్కాంతం అంటించిన పావులు. మర్నాడు అదే ట్రిప్పులో, కోఠిలో ఎక్కిన ఒక సన్నటి మనిషి, కళ్ళజోడు సర్దుకుంటూ సీటు కిందికీ కౌసల్యమ్మ ముఖంలోకీ మార్చి మార్చి చూసింది.

"నీదేనా గా బొమ్మల సంచి?" అంది కౌసల్యమ్మ.

తెనాలి నుంచి వచ్చి కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతున్న అమ్మాజీని హైదరాబాదులో అంతవరకూ ఎవరూ తొలి పలుకులోనే 'నువ్వు' అనలేదు. ముందు బిత్తరపోయింది. తరవాత, "నాదేనండీ. మీరు భద్రంగా ఉంచారు, చాలా సంతోషం. మీకు ఆడటం వచ్చా?" అంది.

"నాకు టికెట్లు కొట్టుడొక్కటే ఒస్తది."

"నేర్పనా?"

అలా మొదలైంది. కౌసల్యమ్మకు ఆఫ్ ఉన్న రోజున చైతన్యపురిలో అమ్మాజీ ఇంటి మొదటి అంతస్తు వరండాలో బోర్డు పరిచేవాళ్ళు. కౌసల్యమ్మది గడ్డిఅన్నారం. నడిచే వచ్చేది. అమ్మాజీ శకటు అనేదాన్ని కౌసల్యమ్మ ఒంటె అనేది. అమ్మాజీ మంత్రి ఆమెకు వజీరు. ఎవరి మాట వాళ్ళకే ఉండిపోయింది, ఆట మాత్రం కలిసింది. అమ్మాజీ టీచరు కాబట్టి ఆడిన ప్రతి ఆటనూ పొడవాటి నోటు పుస్తకంలో ఎత్తు ఎత్తుగా రాసి, ఎర్ర సిరాతో పక్కన వ్యాఖ్య పెట్టేది. కౌసల్యమ్మ పదింట ఒకటి గెలిచేది. ఆ ఒక్కటి గెలిచిన రోజున డిపోలో డ్రైవర్లందరికీ చెప్పేది.

మూడేళ్ళ కిందట కౌసల్యమ్మ భర్త అంతయ్య పోయాడు. డిపో గ్యారేజీలోనే మెకానిక్కుగా చేసినవాడు. ఛాతీలో నొప్పి అని దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. నెల రోజుల తరవాత అమ్మాజీ తానే గడ్డిఅన్నారం వచ్చి, చెయ్యి పట్టుకుని తన వరండాకు తీసుకెళ్ళి బోర్డు ముందు కూర్చోబెట్టింది. ఏమీ ఓదార్చలేదు. "తెల్లవి మీవి" అంది, అంతే.

ఆ రోజు కౌసల్యమ్మ గెలిచింది. ఆ తరవాతి వారమూ గెలిచింది. ఆ మూడు నెలలూ గెలుస్తూనే ఉంది. బతుకులో ఒక పక్క అంతా కూలిపోయినా, ఆ అరవై నాలుగు గళ్ళలో మాత్రం తన బుర్ర పదునెక్కుతోందనుకుంది. కూతురు సంధ్యారాణికి ఇంటికొచ్చి చెప్పేది, "టీచరమ్మనే ఓడగొడుతున్ననే నేను!" అని. ఆ మాట చెప్పడం కోసమే అన్నం తినబుద్ధయ్యేది.

ఒక సాయంత్రం అమ్మాజీ కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది. నోటు పుస్తకం బోర్డు పక్కనే ఉంది. తన గెలుపులు కాగితం మీద ఎలా ఉంటాయో చూసుకుందామని కౌసల్యమ్మ తెరిచింది. ఆ ఎత్తుల భాష ఆమెకు చదవడం రాదు. ఎర్ర సిరా మాత్రం తెలుగే.

'ఇక్కడ ఏనుగును తీసుకోవచ్చు. వదిలేశాను.'

పేజీ తిప్పింది. 'మంత్రిని కావాలనే ఇచ్చాను. కనిపెట్టలేదు.' ఇంకో పేజీ. 'మూడు ఎత్తుల్లో రాజుకు కట్టు ఉంది. వేయలేదు.' మూడు నెలల పేజీలూ అంతే. ఒక చోట ఎత్తుల గురించి ఏమీ లేదు. 'ఇవాళ నవ్వింది' అని రెండే మాటలు.

అన్నిటికన్నా ఆ రెండు మాటలే ఎక్కువ కాల్చాయి.

అమ్మాజీ కాఫీ గ్లాసులతో వచ్చేసరికి కౌసల్యమ్మ చెప్పులు వేసుకుని నిలబడి ఉంది.

"ఎన్ని దినాల సంది చేస్తున్నవ్ గీ పని?"

అమ్మాజీ పుస్తకం వైపు చూసింది. దాచుకోవడానికి ప్రయత్నించలేదు. "మీరు తిండి మానేశారు కౌసల్యా. ఏం చెయ్యాలో నాకు తెలియలేదు."

"నా మొగడు పోయిండు. నా తెలివి పోలే. చిన్నపోరిని ఆడిచ్చినట్టు ఆడిచ్చినవ్."

"అది కాదండీ…"

"నేనూరంత జెప్పుకున్న టీచరమ్మా. గెలిచిన గెలిచిన అని ఊరంత జెప్పుకున్న."

మెట్లు దిగి వచ్చేసింది. ఆ తరవాత రెండేళ్ళకు పైగా చైతన్యపురి వైపు పోలేదు. అమ్మాజీ రెండుసార్లు ఇంటికి వచ్చింది. ఒకసారి తలుపు తీయలేదు. ఒకసారి తీసి, నీళ్ళిచ్చి, ఎండల గురించి మాట్లాడి పంపేసింది. తప్పు క్షమించలేనంత పెద్దదేమీ కాదని కౌసల్యమ్మకూ తెలుసు. కానీ మనసులో ఒక ముల్లు దిగిపోయింది. ఆ మూడు నెలలు సరే, అంతకుముందు పన్నెండేళ్ళలో పదింట ఒకటి గెలిచినవి? అవి కూడా ఆమె ఇచ్చినవేనా? తాను నిజంగా ఒక్క ఆటైనా గెలిచిందా? అడిగి తెలుసుకునే సంగతి కాదది. లేదులే అంటే నమ్మలేదు, అవునంటే తట్టుకోలేదు. ఎప్పటికైనా ఒక్కసారి అమ్మాజీ తన ఎదుట కూర్చుని, జాలి చూపకుండా, ఉన్న బలమంతా పెట్టి ఆడితే చాలు. గెలుపో ఓటమో, ఏదైనా ఫరవాలేదు. కౌసల్యమ్మకు కావలసింది అదొక్కటే.

సంధ్యారాణికి ఇవన్నీ తెలుసు. ఫోనులో పోటీ ప్రకటన చూసి తల్లి పేరు తనే రాయించింది.

"ఐతారం ఎల్‌బీ నగర్ల ఆటనే అమ్మా. పో."

"ఆ పోరగాండ్ల నడుమ నేనేంది?"

"అమ్మాజీ ఆంటీ గూడ ఒస్తుందట."

కౌసల్యమ్మ చేటలో బియ్యం ఏరుతూ తల ఎత్తలేదు. ఒక రాయి ఏరి పారేసి, "ఎన్ని గంటలకు?" అంది.

*

ఐదో రౌండు, అంటే ఆఖరి రౌండు పట్టిక అంటించారు. ఇరవై మూడో బల్ల. తెల్లవి అమ్మాజీ, రెండు పాయింట్లు. నల్లవి కౌసల్యమ్మ, రెండు పాయింట్లు.

అమ్మాజీ ముందే వచ్చి కూర్చుంది. రెండేళ్ళలో ఇంకా సన్నబడింది. జుట్టుకు రంగు మానేసింది. చిలకపచ్చ అంచు చీరలో, పరీక్ష రాయడానికి వచ్చిన పిల్లలా చేతులు బల్ల మీద పెట్టుకుని ఉంది.

"బాగున్నారా?" అంది.

"మంచిగనే ఉన్న. టీచరమ్మా, ఒక్క మాట జెప్త."

"చెప్పండి."

"ఇయ్యాల నువ్వు గిట్ల ఏమన్న వదిలిపెట్టినవనుకో… ఇగ నేను బోర్డే ముట్ట."

అమ్మాజీ ఏదో అనబోయింది. "మాటలు ఆపండి, గడియారాలు మొదలుపెట్టండి" అని మైకులో వంశీకృష్ణ గొంతు వినిపించింది. ఇద్దరూ చేతులు కలిపారు. అమ్మాజీ చెయ్యి చల్లగా ఉంది.

అమ్మాజీ రాజు ముందరి బంటును రెండు గళ్ళు జరిపింది. కౌసల్యమ్మా అదే చేసి గడియారం నొక్కింది. అప్పుడు అమ్మాజీ దాని పక్క బంటును కూడా రెండు గళ్ళు తోసి, నల్ల బంటు నోటి ముందు నిలబెట్టింది. దానికి కాపలా లేదు. తీసుకోమన్నట్టే ఉంది.

గాంబిట్ అనే మాట కౌసల్యమ్మకు కొత్త కాదు. ఎప్పుడో అమ్మాజీ చెప్పింది. ఆట మొదట్లోనే ఒక బంటును ఎరగా వేసి, ఎదుటివాళ్ళు దాన్ని తినే లోపల మన దండును కదిలించుకోవడం అని. "గంత తెలివి నాకొద్దు, ఉన్నయి కాపాడుకుంటే చాలు" అని అప్పుడు నవ్వేసింది. అమ్మాజీ ఆమె మీద దాన్ని ఎన్నడూ ఆడలేదు. అందుకే ఇప్పుడు అనుమానం. ఇది ఎరా? లేక మళ్ళీ దానమా?

సరే, ఒక బంటే కదా అని తీసుకుంది. అమ్మాజీ గుర్రాన్ని, ఆ వెనకే శకటును బయటికి తెచ్చింది. ఈలోగా కౌసల్యమ్మ ఇంకో బంటును రెండెత్తుల్లో ముందుకు నడిపి, ఆ గుర్రాన్ని బెదిరించింది. గుర్రం పక్కకు తప్పుకోవాలి. ఎవరైనా అదే చేస్తారు. అమ్మాజీ గుర్రాన్ని ముట్టుకోనేలేదు. రాజును కోటలోకి చేర్చి, ఏనుగును మధ్యకు తెచ్చి, గడియారం నొక్కేసింది. తెల్ల గుర్రం అక్కడే నిలబడి ఉంది, బంటు మూతి దగ్గర.

కౌసల్యమ్మ గుర్రాన్నే చూస్తూ కూర్చుంది. గుర్రం! బంటు కాదు, గుర్రం. గుర్రం బెదిరింపులో ఉందని లెక్కల టీచరుకు కనబడకపోవడమా? 'మంత్రిని కావాలనే ఇచ్చాను' అన్న ఎర్ర అక్షరాలు కళ్ళ ముందు కదిలాయి. ఇంత చెప్పినా మారలేదన్నమాట. రెండేళ్ళు మాట్లాడకపోయినా, ముఖం మీదే చెప్పినా, ఇంకా తనను ఎత్తుకుని ఆడించే పిల్ల కిందే చూస్తోందన్నమాట. లేచి వెళ్ళిపోదామనుకుంది. కుర్చీ కొంచెం వెనక్కి కదిలింది కూడా. పిల్లలంతా తలలు వంచుకుని ఆడుతున్నారు. హాలంతా గడియారాల టక్ టక్‌లే.

తీసుకుంటా, అనుకుంది. ఇచ్చినవన్నీ తీసుకుంటా. ఆఖరికి ఏం మిగుల్తదో చూస్తా.

బంటుతో గుర్రాన్ని కొట్టేసి, బల్ల అంచును రెండుసార్లు ఫట్ ఫట్‌మని తట్టింది.

"రైట్."

ఎదురుచూస్తూ కూర్చుంది. అమ్మాజీ ఎత్తు వేయలేదు. ఆలోచించుకుంటోంది కాబోలు. ఆలోచించనీ, ఇంకేం పారేయాలో చూసుకుంటోందేమో. కౌసల్యమ్మ బోర్డు మీద చూపు నిలిపి, లోపల రగులుతున్నదాన్ని అణుచుకుంటోంది. అంతయ్య గుర్తొచ్చాడు. మనిషి బతికుండగా ఒక్కసారి కూడా ఆమెను "పాపం" అనలేదు. టైరు పంక్చరైతే, "నువ్వే జాకీ పెట్టు, నేను జూస్త" అని పక్కన నిలబడేవాడు.

చాలాసేపైంది. అమ్మాజీ ఇంకా కదలలేదు. కౌసల్యమ్మ తలెత్తి చూసింది.

అమ్మాజీ బోర్డును చూడటం లేదు. తన గాజులకేసి చూసుకుంటోంది. కింది పెదవిని పంటి కింద నొక్కి పెట్టింది. కుడి చెయ్యి బల్ల మీదికి రెండు అంగుళాలు జరిగి, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఒళ్ళో ముడుచుకుంది. ముఖం పాలిపోయి ఉంది. అది ఎత్తు కోసం వెతికే మనిషి ముఖం కాదు. లోపల ఎవరితోనో పెనుగులాడుతున్న మనిషి ముఖం.

ఒక్కసారిగా అనుమానం వచ్చి కౌసల్యమ్మ గడియారం వైపు చూసింది. అమ్మాజీ వైపు పదమూడు నిమిషాలు, కదలకుండా. తన వైపు ఐదు నిమిషాల నలభై సెకన్లు, ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది…

దబ్బున మీట నొక్కింది.

కళ్ళూ కళ్ళూ కలిశాయి. అమ్మాజీ కళ్ళ నిండా నీళ్ళున్నాయి. ఒక్క క్షణమే. మరుక్షణం ఆమె మంత్రిని తీసి, గుర్రాన్ని కొట్టిన ఆ బంటును లాగేసి, గడియారం నొక్కింది. మంత్రీ, వెనక ఏనుగూ, పక్కన శకటూ, మూడూ ఒకే చోటికి గురిపెట్టి ఉన్నాయి. కౌసల్యమ్మ రాజు పక్కనున్న బంటు మీదికి.

కౌసల్యమ్మకు అప్పుడు అర్థమైంది, రెండు సంగతులూ ఒకేసారి. గుర్రాన్ని పారేయలేదు. దానికి బదులు ఈ దండయాత్ర కొనుక్కుంది. ఇంకొకటి, తన నిమిషాలు ఆరేడు ఆమె కళ్ళ ముందే కారిపోతుంటే నోరు విప్పలేదు. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఒక మార్కుతో తప్పితే పిలిచి మళ్ళీ దిద్దిన మనిషి, వీధిలో ఎవరి చున్నీ బండి చక్రంలో పడబోతున్నా ఆటో ఆపించి చెప్పిన మనిషి, పెదవి కొరుక్కుని కూర్చుంది. జాలి అనేది ఉంటే, కౌసల్యమ్మ బల్ల తట్టిన ఆ క్షణంలోనే ఒక కనుసైగ అయిపోయేది.

రెండేళ్ళుగా గుండెలో గుచ్చుకుని ఉన్న ముల్లు ఊడిపోయిన చప్పుడు ఆమెకు మాత్రమే వినబడింది. ఆ వెంటనే భయం పట్టుకుంది. ఎందుకంటే టీచరమ్మ నిజంగానే చంపడానికి వస్తోంది!

తరవాతి ఐదు నిమిషాలు ఎలా గడిచాయో కౌసల్యమ్మకు సరిగా గుర్తు లేదు. వజీరును అడ్డం పెట్టింది. అమ్మాజీ ఇంకో బంటును ఇచ్చింది. తీసుకుంది. శకటునే తెచ్చి రాజు పక్కనున్న ఆ బంటు మీద పడేసి 'చెక్' అంది అమ్మాజీ. వేరే దారి లేక రాజుతోనే దాన్ని కొట్టాల్సి వచ్చింది. రాజు కోట లేకుండా, నెత్తిన గుడ్డ లేకుండా, నడి బజారులో నిలబడ్డాడు. ఒక్కొక్క గడీ వెతుక్కుంటూ అతన్ని నడిపించింది. సాయంత్రం ఆరింటికి, కాలు పెట్టడానికి చోటులేని బస్సులో, ముందు డోరు నుంచి వెనక డోరుకు టికెట్లు కొట్టుకుంటూ పోయిన రోజుల్లాగే ఉంది. తోసుకుంటూ, ఒరుసుకుంటూ, ఎక్కడో ఒక సందు దొరకకపోతుందా అనుకుంటూ. ఈసారి ప్రతి ఎత్తుకూ గడియారం నొక్కింది. చెయ్యి తప్పలేదు. బలగం తన దగ్గరే ఎక్కువుంది. నిమిషాలే లేవు.

పదిహేను సెకన్లు మిగిలి ఉండగా ఆమెకు ఆ సందు కనబడింది. వజీరును తానే ఇచ్చేయాలి! ఇచ్చేస్తే అమ్మాజీ ఏనుగూ, మిగిలిన శకటూ రెండూ వస్తాయి, రాజు మూలకు చేరుకుంటాడు, ఈ దాడి మొత్తం చల్లారిపోతుంది. నిజమేనా? మళ్ళీ చూసుకుంది. నిజమే. చెయ్యి వజీరు మీదికి పోయింది.

"టైమ్ అయిపోయిందండీ" అంది అమ్మాజీ. చెయ్యెత్తి ఆర్బిటరును కూడా పిలిచింది.

వంశీకృష్ణ వచ్చి చూశాడు. ఒకవైపు సున్నాలు. "ఒన్ జీరో. తెల్లవి గెలిచాయి" అని రాసుకున్నాడు. "ఆంటీ, మళ్ళీ బల్లే కొట్టారా?" అన్నాడు కౌసల్యమ్మతో.

"అవు బిడ్డా. మళ్ల బల్లనే కొట్టిన" అంది ఆమె. ఓడిపోయిన మనిషి అంత సంతోషంగా ఎందుకు ఒప్పుకుంటోందో వంశీకృష్ణకు అర్థం కాలేదు. పక్క బల్లకు వెళ్ళిపోయాడు.

ముందు అమ్మాజీయే నోరు విప్పింది.

"చెబుదామని నోటి దాకా వచ్చింది కౌసల్యా. నాలుగుసార్లు వచ్చింది. చెబితే రూలు తప్పుతుందని కాదు నేను ఆగింది."

"నాకెర్కే."

"ఆరు నిమిషాలు. నా జన్మలో అంత పాపపు పని చేయలేదు."

"మంచి పనే చేసినవ్. లేకుంటే ఎత్తి నీ నెత్తి మీదనే కొడ్తుంటి గీ బోర్డు."

అమ్మాజీ నవ్వబోయి, కళ్ళజోడు తీసి పమిట చెంగుతో తుడుచుకుంది. కౌసల్యమ్మ చెయ్యి చాచి బల్ల మీద ఆమె మణికట్టు పట్టుకుంది. అలాగే పట్టుకుని ఉంది. బయట విజయవాడ బస్సుల హారన్లు, "సూర్యాపేట, సూర్యాపేట" అనే కేకలు కిటికీల్లోంచి వస్తున్నాయి.

"అయినా" అంది కౌసల్యమ్మ, "టైముంటే నిన్ను వదిలిపెడ్తుంటినా?"

"ఎలా?" అంది అమ్మాజీ వెంటనే. కళ్ళజోడు మళ్ళీ ముఖానికి ఎక్కింది. "మీ రాజుకు చోటెక్కడుంది? ఇంకో రెండెత్తుల్లో కట్టు."

"నా వజీరును నీకిస్త."

"ఇస్తే తీసుకుంటాను. తీసుకున్నాక?"

కౌసల్యమ్మ వజీరును జరిపింది. అమ్మాజీ తీసుకుంది. కౌసల్యమ్మ ఏనుగును లాగింది. చెక్. అమ్మాజీ రాజును జరిపింది. కౌసల్యమ్మ శకటును తీసుకుంది. రాజును మూలకు చేర్చింది. ఇక బోర్డు మీద అమ్మాజీకి ఒంటరి మంత్రి, నాలుగు బంట్లు. ఎదుట నల్ల దండు మొత్తం.

అమ్మాజీ ముందుకు వంగింది. "ఆగండి. నేను అక్కడ తీసుకోను. ఇలా వస్తాను."

"రా."

వెనక్కి పెట్టి అలా ఆడారు. అప్పుడూ అంతే అయింది.

"కాదు, కాదు. ముందు బంటు తోస్తాను."

"తొయ్యి."

తోసినా అంతే. అమ్మాజీ ముక్కుపుటాలు అదిరాయి. ముఖం ఎర్రబడింది. "ఛ! ఇది నేను చూడనేలేదు! ఎలా చూడలేదు?" అని తన నుదురు తానే కొట్టుకుంది. పదిహేనేళ్ళలో ఆమెకు అంత చిరాకు రావడం కౌసల్యమ్మ ఎన్నడూ చూడలేదు. రెప్పవేయకుండా ఆ ముఖాన్నే చూసింది.

"గెలిచినవ్ కద టీచరమ్మా. ఇంకేంది?"

"నేనెక్కడ గెలిచానండీ? గడియారం గెలిచింది. మీరు నన్ను చిత్తుగా ఓడించారు."

వంశీకృష్ణ బోర్డులన్నీ సర్దించుకుంటూ ఇరవై మూడో బల్ల దగ్గరికి వచ్చాడు. "ఆంటీ, అయిపోయింది. హాలు ఖాళీ చెయ్యాలి. ఆరింటికి ఇక్కడ రిసెప్షన్ ఉంది."

"ఆగవయ్యా!" అని కసిరింది అమ్మాజీ, బోర్డు మీంచి కళ్ళు తీయకుండానే. "ఒక్క అయిదు నిమిషాలు."

వంశీకృష్ణ కౌసల్యమ్మ వైపు చూశాడు. ఆమె భుజాలు ఎగరేసింది. "టీచరమ్మకు కోపమొచ్చింది బిడ్డా. నువ్వు ముందుగాల ఆ వరస సర్దుకో పో."

హాల్లో కుర్చీలు మడుస్తున్న చప్పుడు. అమ్మాజీ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, తన మంత్రిని ఎక్కడ ఉంచాల్సిందో ఇంకా వెతుకుతోంది. కౌసల్యమ్మ కుర్చీ వెనక్కి వాలి, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆమెకు తొందరేమీ లేదు.